పడకతో ఆగకండి, అద్దె గది దాకా తోడు రండి

సంపాదకుల వారికి నమస్కారములు.

ఒడిశాలోని మా బరంపురం రైల్వే స్టేషను బయట, బజారులో మూసిన దుకాణాల అరుగుల మీద, గుడి మండపాలలో రాత్రిపూట తల దాచుకొనేవారిని చూడనివారు ఈ ఊళ్ళో ఉండరు. చలికాలం రాగానే మనం వారికి దుప్పట్లు పంచుతాము, ఆశ్రయ గృహాలలో పడకలు పెంచమని అర్జీలు పెడతాము. ఆ రెండూ కావలసినవే. కానీ ముప్పై ఏళ్ళకు పైగా ఈ వీధులలో ఉత్తరాలు పంచినవాడిగా నాకు కనిపించిన లోటు వేరు. లోపల గడియ పెట్టుకోగల ఒక గది దొరికే దాకా గానీ, దొరికిన గది నిలబడే దాకా గానీ ఆ మనిషి వెంట ఎవరూ ఉండటం లేదు.

2011 జనాభా లెక్కలలో దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది ఇల్లు లేనివారుగా నమోదయ్యారు. 2013లో మొదలై 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమాల ప్రకారం ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే ఆశ్రయ గృహం ఒకటి ఉండవలసింది. ఆ లెక్కన 2011 నాటికే మూడున్నర లక్షల జనాభా దాటిన బరంపురానికి మూడు కావాలి. అయితే ఆ మూడూ ఉన్నాయనే అనుకుందాము, అక్కడ పడుకొన్నవారు తరువాత ఎక్కడికి వెళ్ళాలి? ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఇల్లు కట్టుకోవడానికి సాయం పొందాలంటే ముందు సొంత జాగా ఉండాలి. అద్దెకు వెళ్ళాలంటే అడ్వాన్సు, ఆధార్ కార్డు, పూచీ పడే ఒక పెద్దమనిషి ఉండాలి. "మీరు ఎవరి తాలూకు?" అని ఇంటివారు అడిగితే ఏ పేరూ చెప్పలేని మనిషికి, చేతిలో డబ్బున్నా గది దొరకదు. మన తెలుగువారిలో ఒడియా చక్కగా మాట్లాడినా చదవలేని ముసలివారు ఎందరో ఉన్నారు. దరఖాస్తు కాగితం దగ్గరే వారి పని ఆగిపోతుంది.

తుపాను వచ్చినప్పుడు కూడా ఇంతే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన తరువాత దెబ్బతిన్న ఇళ్ళకు నష్టం లెక్కగట్టారు, అసలు ఇల్లే లేనివారు ఆ లెక్కలోకి ఎలా వస్తారు?

నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. భర్త పోయాక అత్తవారింటి నుంచి బయటపడిన ఒక పెద్దావిడ మా వీధి గుడి మండపంలో ఉండేది. మేము నలుగురం కలిసి మూడు నెలల అద్దె కట్టి ఒక గదిలో పెట్టాము. అద్దె కట్టాము గనుక పని అయిపోయిందనుకున్నాము. ఆవిడ గది ముందు కట్టెల పొయ్యి పెట్టింది, పొగ మీద పక్కవారితో మాటా మాటా పెరిగింది, మధ్యలో కుంచెం జ్వరపడి కూలికి పోలేకపోయింది. ఈ మూడు నెలలలో మాలో ఒక్కరం కూడా ఆ గడప తొక్కలేదు. నాలుగో నెల మొదటి వారంలో ఆవిడ మళ్ళీ మండపంలో కనిపించింది. ఒక గ్యాస్ పొయ్యి, పక్కవారితో రెండు మంచి మాటలు ఉంటే ఆవిడకు ఆ గది నిలిచేదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇది సాధ్యం కాని పని కాదు. ఫిన్లాండ్ 2008 నుంచి సామూహిక వసతి గృహాలను చిన్న చిన్న అద్దె ఇళ్ళుగా మార్చి, అద్దె ఒప్పందాన్ని ఆ ఇంట్లో ఉండేవారి పేరునే రాయించి, వారికి సాయపడే సిబ్బందిని నియమించింది. మనకు దగ్గరలోనే, చెన్నైలో 1993లో మొదలైన బానియన్ సంస్థ, మానసిక వ్యాధితో ఏళ్ళ తరబడి ఆసుపత్రులలో మిగిలిపోయినవారిని నలుగురైదుగురు చొప్పున మామూలు వీధులలో అద్దె ఇళ్ళలో ఉంచి, తోడుగా ఒక సహాయకురాలిని పెడుతున్నది.

కాబట్టి మా నగరపాలక సంస్థకు, గంజాం, గజపతి, రాయగడ జిల్లాల పురపాలక సంఘాలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. ఆశ్రయ గృహంలో చేరిన ప్రతి మనిషికీ ముందుగా ఆధార్, రేషన్ కార్డు, అర్హత ఉంటే పింఛను ఇప్పించాలి. అద్దె ఇంటికి పురపాలక సంఘమే పూచీ పడి, మొదటి ఆరు నెలలు అద్దెలో కొంత భాగం భరించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏడాది పాటు వారానికి ఒకసారి ఆ ఇంటికి వెళ్ళి యోగక్షేమాలు కనుక్కొని, జబ్బు చేసినా, తగవు వచ్చినా, అద్దె బాకీ పడినా ఇల్లు ఖాళీ చేయించే దాకా పోకుండా చూసే మనిషిని, తెలుగూ ఒడియా రెండూ వచ్చినవారిని నియమించాలి. ఈ చివరిదానికి డబ్బు చాలదని ఎవరైనా అంటే, పదవీ విరమణ చేసిన తపాలా ఉద్యోగులం ఈ ఊళ్ళో చాలా మందిమి ఉన్నాము, ప్రతి సందూ మాకు తెలుసు. పిలిస్తే ముందుగా నేను వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.