ధాన్యానికి చోటు చూపించండి, రోడ్డు మీద రాళ్లు తీయించండి

సంపాదకులకు నమస్కారం.

దాళ్వా (రబీ వరి) కోతలు మొదలయ్యాయి. కోనసీమలో కాలువ గట్టు రోడ్లు మళ్లీ కళ్లాలయ్యాయి. సగం రోడ్డు మేర ధాన్యం పరిచి, బళ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు, కొబ్బరి దుంగలు పెడుతున్నారు. సాయంత్రం రాశి చేసి, బరకం కప్పి ఇళ్లకు వెళ్లిపోతున్నారు. చీకటి పడ్డాక ఎదురుగా లారీ హైబీమ్ వేసుకుని వస్తుంటే, బైకు మీద వెళ్లేవాడికి ఆ రాశి దగ్గరకు వచ్చేదాకా కనబడదు. తప్పించబోతే ఒక పక్క లారీ, ఇంకో పక్క కాలువ. చాలాచోట్ల గట్టుకు రక్షణ గోడ లేదు, కనీసం రిఫ్లెక్టర్ కూడా లేదు.

నేనూ వరి రైతునే. రైతుల మీద కేసులు పెట్టమని అడగడం లేదు. కొడవలితో కోసిన రోజుల్లో పనలు చేలోనే ఆరేవి. కుప్ప వేసుకుని, తీరిక చూసుకుని నూర్చేవాళ్లం. ఇప్పుడు కోత మిషన్ దిగితే పూటలో పచ్చి ధాన్యం ట్రాక్టర్‌లోకి వచ్చేస్తుంది. కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. దాటితే తరుగు తీస్తామంటారు. మరి ఆరబెట్టేది ఎక్కడ? పాత కళ్లాలు చాలావరకు ఇళ్ల స్థలాలైపోయాయి, కొబ్బరి తోట నీడలో గింజ ఆరదు, పైన అకాల వర్షం టెన్షన్ ఒకటి. సొంత జాగా లేని కౌలు రైతుకు తారు రోడ్డే దిక్కు.

అయినా ఊళ్లో వెతికితే చోటు దొరుకుతుంది. వేసవి సెలవుల్లో స్కూలు మైదానం, మార్కెట్ యార్డు, ఇళ్లు లేకుండా ఖాళీగా పడి ఉన్న లేఅవుట్ల సిమెంటు రోడ్లు. పంచాయతీ, రైతు సేవా కేంద్రం కలిసి కోతలకు ముందే ఎవరికి ఎక్కడో చెప్పేస్తే సగం సమస్య తీరుతుంది. తప్పనిసరై రోడ్డు మీదే పోసినా మలుపుల్లో, వంతెన దిగే చోట పోయకూడదు. రాత్రికి రాశి ఉంచకూడదు. రాళ్లు మాత్రం అసలు వద్దు. ధాన్యం ఎత్తేశాక కూడా అవి రోజుల తరబడి అక్కడే ఉంటున్నాయి. దీనికి ఏ ఇబ్బందీ సాకు కాదు.

బండి నడిపేవాళ్లకూ ఒక మాట. గింజల మీదకు ఎక్కాక ముందు చక్రం బ్రేకు పట్టుకుంటే అది గోళీల మీద పడ్డట్టు జారిపోతుంది. యాక్సిలరేటర్ వదిలేసి, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా పోనివ్వండి. రాత్రిళ్లు మీ లైటు ఎంత దూరం పడుతుందో, అంతలోపు ఆపగలిగే స్పీడులోనే వెళ్లండి. హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుంటే లాభం లేదు, స్ట్రాప్ బిగించకపోయినా పడగానే ఊడిపోతుంది. బండి వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలని చట్టం అంటోంది, లేకపోతే 1,000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చున్న ఆడవాళ్లకు పట్టు ఉండదు. బండి జారితే ముందు పడేది వాళ్లే. మన పల్లెల్లో హెల్మెట్ లేనిదీ వాళ్లకే.

జిల్లా అధికారులు ఒక్కసారి రాత్రి ఎనిమిది దాటాక ఈ గట్ల మీద తిరిగి చూడాలి. పగటి తనిఖీలో ఇవేవీ తెలియవు. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు వచ్చేసరికి పొద్దున్నే మంచు కూడా ఉంటుంది. ఆలోగా కాలువ మలుపుల దగ్గరైనా రక్షణ గోడలు కట్టించాలని, రిఫ్లెక్టర్లు పెట్టించాలని కోరుతున్నాను.

ఒక వరి రైతు,
కొత్తపేట మండలం, కోనసీమ జిల్లా