రేటింగ్ చూసి పిల్లల్ని తిట్టకండి

సంపాదకులకు నమస్కారం.

నేను చెస్ కోచ్‌ని. టోర్నమెంట్లలో రౌండ్ ముగించుకుని బయటికొచ్చిన పిల్లల్ని చాలామంది తల్లిదండ్రులు ముందుగా అడిగేది, 'అవతలివాడి రేటింగెంత?' అని. రేటింగంటే ఆటగాడి బలాన్ని అంచనా వేసి ఇచ్చే అంకె. తమ పిల్లాడికంటే తక్కువైతే, ఓడినందుకు అక్కడే అందరి ముందూ తిట్లు. పసివాళ్లు తల దించుకుని నిలబడటం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. తర్వాతి రౌండ్‌కి ఆ టెన్షన్‌తోనే కూర్చుంటారు.

రేటింగులు లెక్కగట్టే ‘ఈలో’ (Elo) పద్ధతి ప్రకారం ఇద్దరి రేటింగుల తేడా 100 ఉంటే, పెద్ద రేటింగ్ ఉన్నవారికి నూరు గేముల్లో వస్తాయని ఆశించేది సుమారు 64 పాయింట్లే (గెలుపుకి ఒకటి, డ్రాకి అర). తేడా 400 ఉన్నా సుమారు 91 మాత్రమే. మిగతావి చిన్న రేటింగ్ వాడికి న్యాయంగా రావాల్సినవి!

2025 జులైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్ చూడండి. దివ్య దేశ్‌ముఖ్ కంటే మన కోనేరు హంపి రేటింగ్ దాదాపు 80 ఎక్కువ. ఎక్కువ సమయం ఇచ్చే రెండు క్లాసికల్ గేములూ డ్రా. విజేతను తేల్చే టైబ్రేక్‌లో, తక్కువ సమయంలో ఆడే రెండో ర్యాపిడ్ గేమ్‌లో దివ్య నల్లపావులతో గెలిచి, చెస్‌లో అత్యున్నత హోదా అయిన గ్రాండ్‌మాస్టర్‌కి మామూలుగా కావాల్సిన నార్మ్ (టోర్నమెంట్‌లో నిర్ణీత స్థాయి ప్రదర్శన) అంతకుముందు ఒక్కటీ లేకున్నా నేరుగా ఆ హోదా అందుకున్నారు. అందుకని హంపి ఆట తీసికట్టు అంటామా? ఆవిడా ప్రపంచ చాంపియన్‌తో తలపడేవారిని ఎంపిక చేసే క్యాండిడేట్స్ టోర్నమెంట్‌కు అర్హత సాధించారు.

నిర్వాహకులకు నా విన్నపం ఒకటే: గేమ్ అయ్యాక పిల్లలు కోచ్‌తో కూర్చుని ఎత్తులు చూసుకోవడానికి ఒక గది ఇవ్వండి. తల్లిదండ్రులు ఆ కాసేపు బయట ఆగాలి.

– ఒక చెస్ కోచ్, గుంటూరు