స్టెంట్ వేశాక మనసు సంగతి కూడా అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం.

విశాఖ మహారాణిపేటలో మాది మందుల షాపు. డిశ్చార్జి అయినవాళ్లు చీటీ పట్టుకుని మొదట వచ్చేది మా వరసలోని షాపులకే. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవాళ్ల చీటీ చూడగానే తెలిసిపోతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్, మెటోప్రొలోల్, ఒక గ్యాస్ మాత్ర. అడుగున ఎక్కడో ‘ఉప్పు తగ్గించాలి, పొగ మానాలి’ అని ఉంటుంది. ఆ చివరి ముక్క గురించే ఈ ఉత్తరం.

పొగ మానడమన్నది ఆ చీటీలోని ఏ మాత్రకీ తీసిపోయేది కాదు. గుండె జబ్బు వచ్చాక పొగ మానినవాళ్లనీ, మాననివాళ్లనీ పోల్చిన 20 అధ్యయనాల్ని 2003లో ఒకచోట చేర్చి చూశారు. మానినవాళ్లలో మరణాలు మూడో వంతుకు పైగా తక్కువగా కనిపించాయి. మాత్రలకైతే ఎన్ని మిల్లీగ్రాములో, తిండికి ముందో తర్వాతో, మళ్లీ ఎప్పుడు రావాలో అన్నీ రాస్తారు. పొగకి ‘మానాలి’ అని రాసి వదిలేస్తారు. ఎలా మానాలో రాసిన చీటీ మా కౌంటరు మీదికి రావడం చాలా అరుదు.

నెల తిరిగి మళ్లీ మందులకి వచ్చేసరికి అసలు సంగతి బయటపడుతుంది. చాలాసార్లు ఇంట్లోవాళ్లే వస్తారు. “ఆపరేషన్ బాగానే అయింది బాబూ, మనిషే బాగోలేడు. ఎవరితోనూ మాట్లాడరు. టీవీ పెట్టినా చూడరు. అర్ధరాత్రి లేచి కూర్చుని గుండె దడగా ఉందంటారు. కాస్త నిద్రపట్టే మాత్ర ఏదైనా ఇవ్వు” అంటారు. వాళ్లు అడిగేది ఆల్ప్రజోలామ్. అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. కుదరదంటే మొహం చిన్నబుచ్చుకుని ఇంకో షాపుకి వెళతారు.

రోగే స్వయంగా వస్తే మందుల కవరు చేతికి తగిలించుకుని పక్కనున్న పాన్‌షాపు దగ్గర ఆగుతాడు. విడిగా ఒక్క సిగరెట్టు కొంటాడు. “మానమన్నారు కదా బాబాయ్” అంటే, “ప్యాకెట్టు ఎప్పుడో మానేశాను నాయనా, టెన్షన్ వస్తేనే ఒకటి” అంటాడు. ఆ ఒక్కటీ తక్కువదేం కాదు. రోజుకి ఒక్కటి కాల్చినా, ఇరవై కాల్చేవాళ్లకి పెరిగే గుండె ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఈ సంగతి వింటే నమ్మనివాళ్లే ఎక్కువ.

టెన్షన్ తగ్గడానికే కాలుస్తున్నానన్న మాట పూర్తిగా అబద్ధమూ కాదు. పొగ పీల్చిన పది సెకన్లకే పొగాకులోని నికోటిన్ మెదడుకి చేరుతుంది, ప్రాణం కుదుటపడినట్టుంటుంది. రెండు గంటలు గడిచేసరికి ఒంట్లో అది సగానికి పడిపోతుంది. ఇక చిరాకు, దడ, ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోవడం. ఇంకోటి కాలిస్తే అది తగ్గుతుంది. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసినట్టే. పైగా గుండెపోటు చూసి వచ్చిన మనిషికి దడ అంటే ఉత్త దడ కాదు. మళ్లీ వస్తోందేమోనన్న భయం దానికి తోడవుతుంది. పొగ మానిన మొదటి వారంలో ఈ ఇబ్బంది ఎక్కువగా ఉంటుందనీ, మూడు నాలుగు వారాల్లో చాలామందికి సద్దుమణుగుతుందనీ ముందే చెబితే తట్టుకుంటాడు. చెప్పకపోతే, మానేశాకే నా పని అయిపోతోందనుకుని మళ్లీ అంటిస్తాడు. ఇంకో చిన్న సంగతుంది. పొగ మానాక ఒంట్లో కెఫీన్ మునుపటంత తొందరగా కరగదు. రోజూ తాగే టీలే ఇప్పుడు ఎక్కువ దడ పుట్టించవచ్చు. టీ తగ్గించమని ఒక్క మాట చెబితే సగం రాత్రులు బాగుపడతాయి.

మానితే మనసు పాడవుతుందన్నది కూడా నిజం కాదు. 2014లో 26 అధ్యయనాల్ని కలిపి చూస్తే, మానినవాళ్లలోనే దిగులు, ఆందోళన తగ్గాయి.

దిగులు గురించి మాట్లాడేవాళ్లే కరువు. గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో ఇంచుమించు ఒకరికి వైద్యం అవసరమైనంత డిప్రెషన్ ఉంటుంది. మాత్రలు మధ్యలో ఆపేసేదీ, నడకకి లేవలేనిదీ, పొగ వదల్లేనిదీ ఎక్కువగా వీళ్లే. ఇళ్లలో ప్రేమకొద్దీ చేసే పని కూడా ఒకటుంది. “హార్ట్ పేషెంట్ కదా, ఆయనకి చెప్పకండి” అంటూ ఇంటి లెక్కలు, పెళ్లి మాటలు, పొలం గొడవ అన్నీ దాచేస్తారు. నిన్నటిదాకా ఇల్లు నడిపిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, అగ్గిపెట్టె దాచి, ఎందుకలా ఉన్నావని అడుగుతారు!

గుండె రోగుల్ని డిప్రెషన్ గురించి అడిగి తెలుసుకోవాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే చెప్పింది. మొదట అడగాల్సినవి రెండే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? మనసు కుంగిపోయినట్టు, ఇక ఆశ లేనట్టు అనిపించిందా? అవునంటే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. ఓపీలో కిటకిటలాడే జనం మధ్య డాక్టర్లకి టైమ్ లేదన్నది నాకు తెలుసు. బీపీ చూసే నర్సు ఆ రెండూ అడగలేదా?

మనోవేదన ఉన్నవాళ్లకి పొగ మాన్పించే మందులిస్తే ఇంకా ప్రమాదమనే భయం కొందరు వైద్యుల్లోనూ ఉంది. ఆ మందుల మీద ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. అందులో సగం మంది మానసిక సమస్యలున్నవాళ్లే. వారెనిక్లిన్ మాత్ర గానీ, బుప్రోపియాన్ మాత్ర గానీ, ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ గానీ మనసుకి చెప్పుకోదగ్గ అదనపు హాని చేయలేదు. మానడానికి మూడూ పనికొచ్చాయి, వారెనిక్లిన్ అన్నిటికంటే ఎక్కువ. దిగులు తగ్గించే సెర్ట్రలిన్‌ని గుండెపోటు వచ్చినవాళ్లకీ వాడవచ్చని 2002 నుంచే తెలుసు.

పొగ మానడానికి నమిలే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే దొరుకుతుంది. కొన్నవాళ్లు దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేస్తారు, ఎక్కిళ్లు వస్తాయి, గొంతు మండుతుంది, పారేస్తారు. మెల్లగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గకీ చిగురుకీ మధ్య నొక్కి ఉంచాలి. ఘాటు తగ్గితే మళ్లీ నమలాలి. టీ తాగిన పావుగంటలోపు వేసుకుంటే సరిగా ఎక్కదు. ఇదంతా నేను చెప్పగలను. నిన్నగాక మొన్న గుండెపోటు వచ్చినవాడికి గమ్ ఇవ్వాలా, ప్యాచా, మాత్రలా అన్నది మాత్రం డాక్టరే తేల్చాలి. అది డిశ్చార్జి రోజునే తేలిపోవాలి.

ఈ మాటల్లో ఆడవాళ్లని మరిచిపోవద్దని మనవి. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. దానివల్ల అంగిట్లో వచ్చే జబ్బుల గురించి మన వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్నారు. గుండె ఓపీకి వచ్చిన ముసలామెని చుట్ట తాగుతావా అని మాత్రం ఎవరూ అడగరు.

మే 31న పొగాకు మీద ర్యాలీ, సెప్టెంబరు 29న గుండె కోసం బీచ్ రోడ్డులో నడక, అక్టోబరు 10న మానసిక ఆరోగ్యం మీద సభ. మూడు బ్యానర్లు, ముగ్గురు ముఖ్య అతిథులు. మూడు జబ్బులూ ఉన్న మనిషి ఒక్కడే. వాడికోసం ఒక్క గది చూపించమంటున్నాను. ప్రభుత్వ మానసిక ఆస్పత్రి చినవాల్తేరులో ఉంది. ఆ పేరు చెప్పి ఒకరినొకరు ఎగతాళి చేసుకునే ఊరు మనది, గుండె రోగి అక్కడికి వెళ్లమంటే వెళ్లడు. అందుకే కౌన్సెలరే వారానికి రెండు రోజులు కార్డియాలజీ ఓపీలో కూర్చోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద స్టెంట్‌కి డబ్బు కడుతున్న ప్రభుత్వం, ఆ తర్వాతి నెలల్లో పొగ మాన్పించే మందునీ, కౌన్సెలింగ్‌నీ అదే పథకంలో కలపాలి. ప్రైవేటు బీమా కంపెనీలు కూడా తప్పించుకోలేవు. మానసిక జబ్బుకీ ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది.

మీ పత్రికని కోరేది చిన్న పని. ఆరోగ్యం పేజీలో ఒక మూల ఈ రెండు నంబర్లూ వారం వారం వేయండి. పొగాకు మానడానికి జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356, మనసు బాగోలేనప్పుడు రాత్రీ పగలూ పలికే టెలి మానస్ 14416. రెండూ ఉచితమే, తెలుగులోనే మాట్లాడవచ్చు. క్విట్‌లైన్‌కి సోమవారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటారు. అది కూడా వేయండి. లేకపోతే సోమవారం ఫోన్ చేసి ఎవరూ ఎత్తలేదని వదిలేస్తారు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
మహారాణిపేట, విశాఖపట్నం