మా పెరట్లో నీళ్ళు నిలవలేదురా!

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది, ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోప్పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ళు కాస్త నయం, చిన్నదానికి పళ్ళొస్తున్నాయి, ఆఫీసు మామూలే. మిగతావి తర్వాత. అసలు సంగతి విను: రాత్రి కుండపోతగా వాన కురిసింది, మా పెరట్లో చుక్క నీరు నిలవలేదు!

ఆ పెరడు నీకు గుర్తుందిగా. వెనక తలుపు తీస్తే బురద, పగిలిన సిమెంటు, మూలన నీ నీలం బకెట్టు. (బకెట్టు కథ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, ఒట్టు.) ఇంటి గోడ నుంచి ప్రహరీ దాకా నాలుగంటే నాలుగే మీటర్లు. వానొస్తే నీళ్ళన్నీ ఇంటివైపే వచ్చి గోడ మొదట్లో మడుగు కట్టేవి, లోపలివైపు సున్నం పెచ్చులుగా రాలేది. అక్కడ సాయంత్రాలు కూర్చునే చోటు చేస్తామంటే ప్రతివాళ్ళూ కుర్చీలు, దీపాలు, కుండీల గురించే చెప్పారు. మా మేస్త్రి మాత్రం వస్తూనే, "నీళ్ళు ఎటు పోవాలో ముందు తేల్చండి బాబూ, కుర్చీల సంగతి తర్వాత" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన మీద గురి కుదిరిపోయింది.

మట్టం చూసిన రోజు నువ్వుండాల్సిందిరా! సన్నటి గాజులాంటి ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్ళు పోసి, ఒక కొస నేను ఇంటి గోడకి, రెండో కొస ఆయన ప్రహరీకి ఆనించి పట్టుకున్నాం. గాలి బుడగ ఒక్కటున్నా లెక్క తప్పుతుందని వేలితో గొట్టాన్ని తడుతూ అన్నీ బయటికి పంపేదాకా వదల్లేదు. నీళ్ళు కిందికీ పైకీ ఊగి ఊగి, రెండువైపులా ఒకే ఎత్తులో ఆగాయి. అక్కడ పెన్సిలు గీత. ప్రహరీ వైపు ఆ గీతకి 5 సెంటీమీటర్లు కింద ఇంకో గీత. అంతే, నాలుగు మీటర్లకి 5 సెంటీమీటర్ల దిగుడు, అంటే 80కి 1 వాటం. కంటికి ఆనదు, కుర్చీ వేస్తే ఒరగదు, నీళ్ళకి మాత్రం దారి తెలుస్తుంది. గోడలోకి చెమ్మ ఎక్కకుండా పునాది మీద వేసే పొర ఉంటుంది చూడు, నేల దానికి 15 సెంటీమీటర్లు కిందే ఉండాలన్నాడు. చినుకులు చిందినా తడి ఆ పొర దాటి పైకి పోకూడదట.

తర్వాత తవ్వకం. పైమట్టి పారెయ్యకుండా మొక్కల కోసం పక్కన పోశాం. అడుగున 10 సెంటీమీటర్ల కంకర, అదీ ఒకేసారి కాదు, కొంచెం పోసి దిమ్మిస కొట్టడం, మళ్ళీ పోసి కొట్టడం. ఒక్కసారే పోస్తే పైన గట్టిపడి లోపల వదులుగా ఉండిపోతుంది, ఆనక రాళ్ళు కుంగుతాయి. దాని మీద ఇసుక, ఇసుక మీద పలకరాళ్ళు. సందుల్లో సిమెంటు వద్దని, కొంత నీరు నేలలోకే ఇంకాలని మా ఆవిడ పట్టుబట్టింది. ఎంత మంచి పని చేసిందో రాత్రి తెలిసింది.

రాళ్ళు గోడ వెంట కాకుండా ఏటవాలుగా పరిచాం. తలుపు తీయగానే చూపు ఎదురు మూల దాకా పోతుంది, నాలుగు మీటర్ల చోటని అనిపించదు. ఆ మూలనే ఎల్ ఆకారంలో అరుగు. ఎత్తు 45 సెంటీమీటర్లు, లోతూ అంతే. కుర్చీలైతే వెనక్కి జరుపుకోడానికి చోటు కావాలి, అరుగు కదలదు కాబట్టి ఆ జాగా అంతా మిగిలింది. చిన్న పెరడు ఉన్నవాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను ఇప్పుడు.

ఇక రాత్రి. ఉరుముకి మెలకువొచ్చి, టార్చి పట్టుకుని తలుపు తీసి నిలబడ్డాను. పైనుంచి ధారలు, రాళ్ళ మీద పల్చటి నీటి పొర, ఆ పొర మొత్తం ఇంటికి వీపు తిప్పి ప్రహరీ వైపు జరిగిపోతోంది! వేపాకు ఒకటి గుమ్మం దగ్గర పడి, రాళ్ళ సందుల మీదుగా కొట్టుకుపోయి మొక్కల మడిలో ఆగింది. దాని వెంటే టార్చి వేస్తూ చూశాను. మా ఆవిడని లేపాను, అమ్మ కూడా లేచొచ్చింది. అమ్మ ఏమీ అనలేదు, గోడ మొదట్లో వంగి చెయ్యి పెట్టి చూసింది. నాన్న ప్రతి వానకీ అక్కడే నిలబడి చీపురుతో నీళ్ళు తోసేవాడు కదా... సరే, అది కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

పొద్దున్నే వాన వెలిసింది. రాళ్ళు ఆరిపోయాయి, అరుగు మీద కూర్చునే రాస్తున్నాను. నీ "అధ్యక్షా" ఉపన్యాసాలకి ఆ మూల భాగం అట్టేపెట్టాను, ఎవర్నీ కూర్చోనివ్వను.

మీ వెనక చోటు గురించి రాశావు కదా, ఏమీ కొనకముందు ఒక పెద్ద వానలో గుమ్మంలో నిలబడి నీళ్ళు ఎటు పోతున్నాయో చూడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడ ఎక్కడ పడుతుందో సుద్దతో నేల మీద గీసిపెట్టు. మేం పడమటి ఎండ అలాగే చూసి పందిరి వేశాం. రాధామనోహరం తీగ ఎక్కించాం, దానికి ఎందుకంటే, అబ్బా, తమ్ముడు చెప్పులేసుకుని నిలబడ్డాడు, ఉత్తరం తనే పోస్టు చేస్తాడట. దీపాల సంగతి రాయనేలేదు! కొలతలు వెంటనే పంపు, తలుపు ఎటువైపో కూడా రాయి.

నీ
రాఘవ