జీరో అవర్ విన్నపాలకు గడువు పెట్టి జవాబివ్వాలి

సంపాదకులు గారికి,

తెలంగాణ శాసనసభ జీరో అవర్‌లో, అంటే ప్రజా సమస్యలను క్లుప్తంగా ప్రస్తావించడానికి ఇచ్చే సమయంలో, సభ్యులు లేవనెత్తేవన్నీ జనం రోజూ పడే బాధలే. ఒకరు బస్తీలో మురుగు పొంగుతోందంటారు. ఇంకొకరు ఆగిపోయిన పింఛన్ల గురించి, మరొకరు ఆసుపత్రిలో డాక్టర్ల ఖాళీల గురించి, బడికి ప్రహరీ గోడ లేకపోవడం గురించి అడుగుతారు. తలా రెండు నిమిషాల్లో ముగించాలి. చివర్లో మంత్రి లేచి ‘నోట్ చేసుకున్నాం, సంబంధిత శాఖలకు పంపిస్తాం’ అంటారు. ఎవరు, ఏ తేదీలోగా బదులివ్వాలో అక్కడే ఖరారు కాకపోతే 119 నియోజకవర్గాల జనానికి ఆ మాట వల్ల ఒరిగేది చాలా తక్కువ.

ప్రశ్నోత్తరాల సమయం కొంత నయం. నక్షత్ర గుర్తు ప్రశ్నకు, అంటే మంత్రి సభలోనే నోటితో జవాబివ్వాల్సిన ప్రశ్నకు, ముందే నోటీసు ఉంటుంది, శాఖ జవాబు రాసుకుని రావాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అయినా ‘(అ) అవునండీ. (ఆ) ప్రతిపాదన పరిశీలనలో ఉంది. (ఇ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని మూడు వరుసల్లో తేలిపోయే జవాబులు కనిపిస్తూనే ఉంటాయి. పరిశీలనలో ఉందంటే ఫైలు ఎవరి బల్ల మీద ఉన్నట్టు? రోడ్డయినా నాలా అయినా అంచనా, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు దాటాకే పని మొదలవుతుంది. పరిపాలనా అనుమతి దగ్గర ఆగితే డబ్బు మంజూరు చేయించాలి. టెండరు పిలిచినా కాంట్రాక్టర్లు రాకపోతే పాత బిల్లుల బకాయిలో, గిట్టుబాటు కాని రేట్లో చూడాలి. స్థలం అప్పగించక ఆగితే రెవెన్యూ వాళ్లు సర్వే చేయాలి. ఈ మూడింటికీ ‘పరిశీలనలో ఉంది’ అనే ఒక్క జవాబే వస్తే సభ్యుడు ఎవరిని పట్టుకోవాలి?

మురుగు సంగతే చూడండి. హైదరాబాద్‌లో మురుగు లైను నీటి సరఫరా, మురుగు పారుదల చూసే జలమండలిది, వాన నీటి కాలువ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీది. ఒక్కో కుటుంబం ఉన్న ఇళ్ల కోసం వేసిన పాత పైపు మీదే ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. వాన పడగానే రోడ్డు మీద నీళ్లు పోవడానికి ఎవరో మ్యాన్‌హోల్ మూత ఎత్తుతారు. ఆ నీటితో పాటు మట్టి, ప్లాస్టిక్ లైన్లోకి దిగి పూడుకుపోతాయి. దిగువ వీధిలో మ్యాన్‌హోల్ పొంగి మురుగు ఇళ్లలోకి వస్తుంది. సభలో దీన్ని ‘డ్రైనేజీ సమస్య’ అని ఒక్క ముక్కలో అడిగితే జలమండలి పూడిక తీశామంటుంది, జీహెచ్ఎంసీ అది మురుగు లైను కాబట్టి తమది కాదంటుంది. కాగితం మీద రెండూ నిజమే. అందుకే ఇలాంటివాటికి జవాబు రాసే ముందు రెండు సంస్థల ఇంజనీర్లు కలిసి ఆ వీధిలో నిలబడి చూడాలి. పైపు వ్యాసం, పూడిక లోతు, వాన నీరు ఎక్కడ కలుస్తోంది అన్నవి రాసి, ఇద్దరూ సంతకం పెట్టిన ఒకే నివేదిక పంపాలి.

లోక్‌సభ పద్ధతి నుంచి ఇక్కడ తీసుకోదగ్గది ఉంది. అక్కడ ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి పనిచేస్తోంది. ‘విషయం పరిశీలనలో ఉంది’, ‘విచారణ జరిపిస్తాను’ వంటి మాటల జాబితా ఒకటి ఉంది. మంత్రి నోట ఆ మాట వస్తే దాన్ని హామీగా నమోదు చేస్తారు, మూడు నెలల్లో నెరవేర్చాలి. కుదరకపోతే కారణం చెప్పి గడువు పొడిగింపు అడగాలి. గడువు దాటిన హామీలు అక్కడా పేరుకుపోతున్నాయి, కానీ పేరుకున్నాయని లెక్క అయినా తెలుస్తోంది. మన శాసనసభకూ హామీల కమిటీ ఉంది. జీరో అవర్‌లో మంత్రి ఇచ్చే మాటను కూడా హామీగానే లెక్కించి ఆ కమిటీ ముందు పెట్టాలని నా విన్నపం.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. సభ ముగిసిన మర్నాడే సభా రికార్డు నుంచి ఒక్కో అంశాన్ని విడదీసి నంబరు ఇవ్వాలి. ఒక సభ్యుడు మూడు శాఖల సంగతులు కలిపి చెబితే మూడు నంబర్లు పడాలి. కలిపి పంపితే మొదటి శాఖ తన భాగానికి బదులిచ్చి ఫైలు మూసేస్తుంది, మిగతా రెండూ గల్లంతవుతాయి. ప్రతి శాఖలో ఒక అధికారి హోదా పేర్కొని బాధ్యత అప్పగించాలి. నెల రోజుల్లో సభ్యుడికి ఉత్తరం వెళ్లాలి: పని ఏ మెట్టు దగ్గర ఉంది, ఎంత డబ్బు కావాలి, మంజూరైందా, ఎప్పటికి పూర్తవుతుంది. కాదంటే ఎందుకు కాదో. చేయలేమని సూటిగా చెప్పిన జవాబును జనం అర్థం చేసుకోగలరు, ఏళ్ల తరబడి నాన్చడమే వాళ్లను కుంగదీస్తుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టిన మామూలు మనిషికే 30 రోజుల్లో జవాబివ్వాలన్నప్పుడు, లక్షల మంది తరఫున సభలో లేచిన ప్రతినిధికి గడువు లేకపోవడం బాధాకరం.

సభ్యులకూ ఒక మనవి. ‘మా నియోజకవర్గంలో రోడ్లు బాగాలేవు’ అంటే అధికారులు ఏ రోడ్డని రాసుకుంటారు? కాలనీ పేరు, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, గతంలో ఇచ్చిన అర్జీ తేదీ ఒక కాగితం మీద రాసి మాట్లాడిన వెంటనే మంత్రి చేతికి ఇవ్వాలి. ఆ కాగితమూ, దానికి వచ్చిన జవాబూ తర్వాతి సమావేశాల లోపు శాసనసభ వెబ్‌సైట్‌లో తెలుగులో పెట్టేలా స్పీకర్ గారు ఆదేశాలివ్వాలి.

– ఒక పాఠకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్