ప్రెస్సువారు ప్రచురణకర్తలు కారు

సంపాదకుల వారికి,

మొన్న ఆదివారం మీ పుస్తక పరిచయాల్లో ఒక కవితా సంపుటి కింద ‘ప్రచురణ’ అంటూ ప్రెస్సు పేరు వేశారు. పుస్తకం నా దగ్గర ఉంది. ముఖపత్రం వెనకాల ‘ప్రచురణ: రచయిత’ అనీ, అడుగున చిన్న అక్షరాల్లో ‘ముద్రణ’ అని ప్రెస్సు పేరూ విడివిడిగానే ఉన్నాయి. విజయవాడ అచ్చాఫీసుల్లో ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ని, కన్ను ముందు అక్కడికే పోతుంది.

సంస్కృతంలో ‘ప్రచురం’ అంటే విస్తారంగా ఉన్నది. ఒక్క రాతప్రతిని పదిమందికీ అందేలా విస్తరింపజేయడమే ప్రచురించడం. కాపీలు తీసేది యంత్రమే. కానీ ఎన్ని వేయాలి, వెల ఎంత పెట్టాలి, అమ్ముడుపోని కట్టలు ఎవరి అటక మీద పడుండాలి అన్నదంతా ప్రచురణకర్త తలనొప్పి. కాగితం, అచ్చుకూలి, బైండింగు లెక్క తేలిపోతే ప్రెస్సువారి పని అయిపోయినట్టే.

పాత పుస్తకాల మీద ‘ఫలానా వారిచే ప్రకటింపబడినది’ అని ఉండేది. ఇప్పుడు ప్రకటన అంటే సబ్బులవాళ్లదీ, చీరల కొట్లదీ. హిందీవారూ కన్నడిగులూ ‘ప్రకాశక’ అంటారు, వెలుగులోకి తెచ్చేవాడని. మాట బాగుంది గానీ నా ఓటు మన ‘ప్రచురణ’కే. అందులో కాపీల బరువు తెలుస్తుంది. (ఎడిటర్ అన్న మీ హోదా సంగతీ చిత్రమే. ప్రాచీన రోమ్‌లో గ్లాడియేటర్ల పోటీలు జరిపించే పెద్దమనిషిని అలా పిలిచేవారు. ఆ లాటిన్ మాట నుంచే వచ్చిన ఫ్రెంచి మాటకు ఇప్పటికీ ప్రచురణకర్త అనే అర్థం.)

1867 నాటి పత్రికల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం అచ్చువేసినవారి పేరూ ఊరూ, ప్రచురించినవారి పేరూ ఊరూ వేర్వేరుగా వేయమంది. దాని స్థానంలో 2023లో చేసిన చట్టం 2024 మార్చి 1న అమల్లోకి వచ్చింది. అందులో పుస్తకాల ఊసు లేదు, పత్రికలకే పరిమితం. అయినా మనవాళ్లు ఆ వెనకపేజీ అలవాటు మానలేదు. మీ పత్రికలో ప్రింటరు, పబ్లిషరు ఎవరో రోజూ వేసుకుంటారు కదా, కవిగారికీ ఆ మర్యాద దక్కాలి.

రిటైర్మెంటు డబ్బుతో సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లు మనలో చాలామంది. మీరు ప్రెస్సు పేరు వేస్తే పాఠకులు అక్కడికి ఫోన్ చేస్తారు, అక్కడ కాపీలుండవు. వచ్చే ఆదివారం సవరణ వేస్తూ, పుస్తకంలో ఉన్న ‘ప్రతులకు’ చిరునామా కూడా ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రూఫ్‌రీడర్,
విజయవాడ