మా అమ్మ వైపు లెక్కలోకి రాదా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఉమ్మి పరీక్ష చేసి మన పూర్వీకులెవరో చెప్పే కంపెనీల గురించి పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. బ్రెజిల్ సంగతులు బాగున్నాయి. కానీ చివర్లో ఆంగ్లో ఇండియన్ అంటే ‘తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు యూరప్ వాళ్లయితే చాలు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది తప్పండీ. తప్పని నాకు యాభై ఏళ్ల కిందటే బాగా తెలిసొచ్చింది కాబట్టే ఈ ఉత్తరం.

రాజ్యాంగం 366వ అధికరణంలో రెండో క్లాజు చూడండి. తండ్రి గానీ, తండ్రి వైపు మగ పూర్వీకుల్లో ఒకరు గానీ యూరప్ సంతతివారై ఉండాలి. మనిషి ఇక్కడే స్థిరపడి, ఇక్కడ కాపురమున్న తల్లిదండ్రులకు ఇక్కడే పుట్టి ఉండాలి. ఏడు తరాల కిందట పోర్చుగీసువాడు ఒక్కడున్నా సరే, మగవాళ్ల వరస తెగకపోతే చాలు. తల్లి ఎవరన్నది ఎక్కడా అడగలేదు.

నేను నెల్లూరు జిల్లా బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టాను. మా అమ్మ వాళ్ల నాన్నగారు ఆంగ్లో ఇండియన్, ఇంటిపేరు పెరీరా, ఆవిరి ఇంజన్ డ్రైవరు. మా నాన్న ఆయన కింద ఫైర్‌మన్. నాన్నది కావలి పక్కన పల్లెటూరు. దొరసానిని చేసుకున్నాడని నాన్న వాళ్లు ఏడిస్తే, నేటివ్‌ని చేసుకుందని అమ్మ వాళ్లు ఏడ్చారు. నేను పుట్టాక రెండు వైపులా రాకపోకలు మొదలయ్యాయి. వరసల గొడవ మాత్రం తెగలేదు. మా మేనమామ కొడుకుని నాయనమ్మ ‘మీ బావ’ అనేది, అమ్మ ‘యువర్ బ్రదర్’ అనేది. నేను చిన్నప్పుడు ఎవరి ముందుంటే ఆ వరస పెట్టి పిలిచేవాణ్ణి.

డిసెంబరు వస్తే అమ్మ రోజ్ కుకీలు వేసేది. పూల ఆకారపు ఇనప అచ్చుని కాగే నూనెలో బాగా వేడెక్కనిచ్చి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. మొత్తం మునిగిందా, పువ్వు అచ్చుని వదలదు. ఆ అచ్చు మా నాయనమ్మది. ఆవిడ సంక్రాంతికి అదే అచ్చుతో గులాబీ పువ్వులు వేసేది. రుచిలో ఏమైనా తేడా ఉందా అంటే, నాయనమ్మ బెల్లం, అమ్మ పంచదార. అమ్మ వాళ్లు ‘పెప్పర్ వాటర్’ అని గ్లాసులో పోసుకుని తాగేది మన మిరియాల చారే.

1975లో ఒక ట్రస్టు స్కాలర్‌షిప్‌కి ఆంగ్లో ఇండియన్ అని సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆఫీసులో గుమాస్తా నా దరఖాస్తులో నాన్న పేరు దాకా చదివి కాగితం వెనక్కి తోశాడు. “అమ్మది కాదు బాబూ, నాన్నది కావాలి” అన్నాడు. అదే వారం బావకి సర్టిఫికెట్ వచ్చింది. వాళ్లమ్మ గూడూరు దగ్గరి తెలుగు క్రైస్తవురాలు, తండ్రి పెరీరా. నా వెనకాలా ఉన్నది అదే పెరీరా తాత, కాకపోతే కూతురి వైపు నుంచి. నేను తర్వాత గూడ్స్ గార్డుగా చేరి మెయిల్ గార్డుగా రిటైరయ్యాను, అన్నానికి లోటు రాలేదు. ఆ కాగితం వెనక్కి వచ్చిన తీరు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈ నిర్వచనం ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మొదట్లో ఇలాంటి ఇళ్లన్నిటా తండ్రి తెల్లవాడు, తల్లి ఇక్కడి మనిషి. మన హైదరాబాద్ కోఠీ రెసిడెన్సీలో ఉన్న కంపెనీ దొర కిర్క్‌ప్యాట్రిక్, ఖైరున్నీసా దంపతుల పిల్లలిద్దరినీ 1805లో ఇంగ్లండు ఓడ ఎక్కించారు, వాళ్లు అక్కడే పెరిగారు. ఇక్కడ మిగిలినవాళ్లని యురేషియన్లన్నారు. 1791లోనే వాళ్లకి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగాల తలుపులు మూసేశారు. 1911 జనాభా లెక్కలప్పుడు ఆంగ్లో ఇండియన్లని పేరు మార్చారు. 1935 చట్టంలో తండ్రి వరస రాశారు, 1950లో రాజ్యాంగంలోకి అదే వచ్చింది. అప్పటికే మా అమ్మలాంటివాళ్లు ఫైర్‌మన్‌లనీ టికెట్ కలెక్టర్లనీ పెళ్లాడుతున్నారు. ఆ సంగతి చట్టం రాసినవాళ్లకి తట్టలేదో, తట్టినా అక్కర్లేదనుకున్నారో.

ఇక మీ ఉమ్మి పరీక్ష. మూడేళ్ల కిందట మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నాతోనూ చేయించింది. అరగంట ముందు నుంచి మంచినీళ్లు కూడా తాగకూడదు. గొట్టంలో గీత దాకా ఉమ్మి నిండాలి, నురుగు లెక్కలోకి రాదు. ఈ వయసులో నోరు తడారిపోయి ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి మనవరాలు నా ఎదురుగా నిమ్మకాయ కోసి నాకుతూ కూర్చుంటే గాని పని కాలేదు. పెర్త్‌లో ఉన్న బావ అప్పటికే చేయించుకున్నాడు.

నాకు యూరప్ వాటా 19 శాతం వచ్చింది. బావకి 11.

అంటే చట్టం కాదన్న నాకు ఎక్కువ, చట్టం ఔనన్న ఆయనకి తక్కువ. బావ ఫోన్‌లో నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఇందులో వింత లేదని మా అమ్మాయి చెప్పింది. పిల్లలకి జన్యువులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి గాని, ఏ సగం వస్తుందన్నది పేకముక్కలు పంచినట్టే. మా అమ్మకీ మేనమామకీ ఒకే తల్లిదండ్రులైనా ఒకే ముక్కలు పడలేదు. మాకు దిగేసరికి ఆ తేడా ఇంకా పెరిగింది. తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వచ్చేది వై క్రోమోజోమ్. చట్టం పట్టుకున్న వరస దానిదే. మనకున్న 46 క్రోమోజోముల్లో అదొకటి, అదీ మగవాళ్లకే. మా అమ్మకే అది లేదు, అయినా ఆవిడ చట్టం ప్రకారం ఆంగ్లో ఇండియనే.

అలాగని 19 శాతం పట్టుకుని నాకు సర్టిఫికెట్ ఇవ్వమని అడగడం లేదు. ఏడాది తిరక్కుండానే కంపెనీ లెక్కలు సవరించింది. నా 19 కాస్తా 16 అయింది, ముందు చూపించిన ‘మధ్య ఆసియా 2 శాతం’ మాయమైంది. నా రక్తం మారలేదు, వాళ్లు పోల్చి చూసే నమూనాలు మారాయి. మా తమ్ముడికి పిల్లికళ్లు, నాకంటే నాలుగు ఛాయలు తెలుపు. బిట్రగుంట ప్లాట్‌ఫాం మీద పోర్టర్లు వాణ్ణి ‘చిన్నదొర’ అనేవాళ్లు. పరీక్షలో వాడికి వచ్చింది 14.

మీ వ్యాసంలో లేని ముక్క ఒకటి. 2007లో బ్రెజిల్‌లో నల్లజాతి ప్రముఖులు కొందరికి ఇలాంటి పరీక్ష చేస్తే, నెగిన్యో ద బేజా-ఫ్లోర్ అనే సాంబా గాయకుడికి యూరప్ వాటా 67 శాతం తేలింది. ఆయన పేరులో ‘నెగిన్యో’ అంటేనే నల్లబ్బాయి అని. ఆ దేశంలో జనాభా లెక్కలవాళ్లు రంగు సంగతి ఇంట్లోవాళ్లనే చెప్పమంటారు. 2022లో 45.3 శాతం మంది ‘పార్దో’, అంటే మిశ్రమం, అని రాయించుకున్నారు. తెల్లవాళ్లమన్నది 43.5 శాతం. అంతే, ఉమ్మి ఎవరూ అడగలేదు.

మిశ్రమం అనగానే మావైపే చూస్తారెందుకో. మా లాలాగూడ నుంచి తార్నాక దాటితే హబ్సిగూడ, ఆ పేరులోనే ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలున్నారు. ఆ రోడ్డు మీదే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడి లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో, 2013లో చెప్పిందేమిటి? మన దేశంలో దాదాపు ప్రతి కులమూ, తెగా రెండు పురాతన జనాల కలయికేనని, సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా కలుస్తూనే ఉండి, ఆ తర్వాత ఎవరి కులంలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోవడం మొదలెట్టారని. ఆ లెక్కన కావలి పక్కన మా నాన్న వాళ్లదీ కలగలుపే. కాకపోతే వాళ్లకి పెళ్లి ఫొటోలు లేవు.

ఇప్పుడు అసలు సంగతి. 2019 డిసెంబరులో పార్లమెంటులో మంత్రిగారు 2011 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద ఆంగ్లో ఇండియన్లు 296 మంది అన్నారు. మా చర్చిలో క్రిస్మస్ రాత్రి పూజకి వచ్చి లెక్కపెట్టుకుంటే ఆయనకే నవ్వొచ్చేది. 2020 జనవరి 25 నుంచి మావాళ్లకి లోక్‌సభలో రెండు, శాసనసభల్లో ఉన్న నామినేటెడ్ సీట్లు పోయాయి. సీట్ల మీద నాకు పెద్ద బెంగ లేదు. 2027 జనగణనలో కులం కూడా అడుగుతారంటున్నారు, నా టెన్షన్ దాని గురించే. మళ్లీ తండ్రి పేరు చూసి కాగితం వెనక్కి తోసేస్తారా, నేను చెప్పింది రాసుకుంటారా? అడిగితే ‘ఆంగ్లో ఇండియన్’ అనే చెబుతాను. పిల్లికళ్ల తమ్ముడు మాత్రం నాన్న కులమే చెబుతాడట. వాడిష్టం, వాడు చెప్పేదీ అబద్ధమేమీ కాదు. ఇద్దరిదీ ఎవరు చెప్పింది వాళ్లకి రాసుకోమని పైవాళ్లు ముందే స్పష్టంగా చెబితే మంచిది. ఆ మాట మీ సంపాదకీయంలో ఒకసారి రాయండి.

ఈలోగా వచ్చే ఆదివారం ఆ వాక్యాన్ని సవరిస్తూ ఒక ముక్క వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెయిల్ గార్డు,
సౌత్ లాలాగూడ, సికింద్రాబాద్.